సన్‌రూఫ్‌లో పూడ్చిన బెజ్జం

దినకర్ బావా,

పదకొండింటికి మెకానిక్ వచ్చి కారు సన్‌రూఫ్‌కు కొత్త అద్దం బిగిస్తాడు. పక్కన నిలబడు, చెయ్యి మాత్రం పెట్టొద్దు. నేనూ పాప మోక్షితా రైల్లో తిరుత్తణి పోతున్నాము. సాంబారు వేడి చేసుకో.

నేను డోరు గట్టిగా ఏసినందుకే పాతది పగిలిందని అత్తకు చెప్పినావు. అది రెండు పొరల అద్దం. నడమ గాలి ఎండకు ఉబ్బితే బయటికి పోవడానికని కంపెనీవాళ్లే సన్న బెజ్జం పెట్టినారంట. వాన దిగుతుందని దాన్ని నువ్వే సిలికాన్‌తో పూడ్చినావు. నీ అంగట్లో అమ్మే సరుకు గదా, యాడ బెజ్జం కనపడితే ఆడ పూస్తావు.

నిన్న మెకానిక్ వచ్చి చూసి పెరికి ఇచ్చిన సిలికాన్ ముక్క ఈ పొట్లంలో ఉంది. నేను వచ్చేలోగా అత్తకు నువ్వే చూపించు.

పొద్దున మోక్షిత తల దువ్వితే ఇంకో గాజుపెంకు రాలింది. అదీ పొట్లంలోనే పెట్టినాను.

వసుమతి