తెర చాటుకు పోనన్న అవ్వ

లెత్లాకెంగ్, 2 మార్చి 1965

అమ్మా, నేను కులాసా. మా బడి పంతుళ్ళకు అప్పగించిన ఈ మొట్టమొదటి ఓట్ల పని గొడవ లేకుండా ముగిసింది, దిగులుపడకు.

నిన్న కెలెబోన్యే అనే అవ్వ పదిహేను మైళ్ళు నడిచి ఓటుకు వచ్చింది. పార్టీకో రంగు చొప్పున ఇచ్చిన బిళ్ళల్లో నచ్చినదాన్ని తెర వెనక కవరులో పెట్టమన్నాను. ఆవిడ అందరి ఎదుటా ఒక బిళ్ళ పైకెత్తబోయింది. చూపిస్తే ఓటు చెల్లదని గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"ఏం పంతులూ, నేను పశువుల దొంగనా చాటుకు పోవడానికి? ఆడదాన్నని, రాజు ఊరందరినీ పిలిచే ఖోట్లా సభలో ఒక్కనాడూ నోరు తెరవనివ్వలేదు. ఇన్నాళ్ళకు మాట దొరికితే దాన్నీ దాచుకోమంటావా?"

వరసలో ఉన్న ఒతెంగ్ తాత అవ్వ వైపు తిరిగి అందుకున్నాడు.

"ఓ పిల్లా, ఖోట్లాలో అందరూ మాట్లాడేదాకా మనసులో మాట బయటపెట్టనిది ఎవరు?"

"రాజు."

"ఇవాళ రాజువి నువ్వే. లోపలికి పో."

అవ్వ కాసేపు తాతను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళింది. ఓటేశాక ఇంటికి పోలేదు. చివరి మనిషి వేసేదాకా ఎండలోనే కూర్చుంది. అప్పుడు లేచి, సభ ముగించే రాజులాగే "పులా! వాన కురవాలి!" అని కేకేసింది. మేమంతా లేచి నిలబడి "పులా!" అన్నాం. ఓట్ల పని చూడ్డానికి వచ్చి కుర్చీలో ఉన్న తెల్ల అధికారి కూడా లేచాడు.

ఎర్రావు ఈనిందా? బావిలో నీళ్ళెంత ఉన్నాయి? లారీ వస్తే నా కంబళి పంపు. నాన్నకు దణ్ణాలు. నువ్వు ఏ బిళ్ళ వేశావో మాత్రం నాకు కూడా రాయకు.

నీ కొడుకు
కెబోనాంగ్