బోగ్న పెట్టెలో మరియమ్మ పతకం

ప్రియమైన అక్కకు,

యేసుక్రీస్తుకు స్తుతి కలుగు గాక. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడి మఠంలో మీరందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. కిందటి ఉత్తరంలో మా ఆయన మోకాలి గురించి అడిగావు. వాపు తగ్గింది. నిన్న చర్చి మెట్లు ఎవరి సాయమూ లేకుండా ఎక్కారు.

బోగ్న చదువు గురించీ అడిగావు. నా కూతురికి చదువుకన్నా కాలేజీ పిల్లలు పోటీ కోసం కట్టే రాకెట్ మీదే ధ్యాస. ఆ రాకెట్ పైకి మోసుకెళ్ళే పెట్టెను తయారుచేయడం దాని వంతు. అందులో గాలిని కొలిచే పరికరాలు, ఒక బ్యాటరీ, ఒక పారాచూట్ ఉంటాయి. పైకి వెళ్ళాక పెట్టె రాకెట్ నుంచి విడిపోయి, పారాచూట్ విప్పుకుని మెల్లగా దిగాలి. శనివారం బ్వెందూవ్ ఇసుక ఎడారిలో దాన్ని ఎగరేశారు. నేనూ బంగాళాదుంప కూరిన పియెరోగీలు వండి పట్టుకెళ్ళాను.

అక్కా, రాకెట్ ఎంత బాగా లేచిందో! పెట్టె విడిపోయింది కూడా. పారాచూట్ మాత్రం విచ్చుకోలేదు. అది రాయిలా వచ్చి, మేము తిండి పెట్టుకున్న బల్ల పక్కనే ఇసుకలో దిగబడింది.

పెట్టె విప్పి చూస్తే బ్యాటరీ రెండు కొసలకూ అడ్డంగా మరియమ్మ పతకం, మాడి నల్లగా ఉంది. కరెంటంతా దాని గుండానే పోయి పారాచూట్‌కు అందలేదట.

"ఎవడ్రా ఇది పెట్టింది?" అని జట్టు నాయకుడు కొర్నెల్ అరిచాడు. అందరూ క్లెమెన్స్ వైపు తిరిగారు. చివరిసారి చూసుకుని పెట్టె మూసేది అతనే. పైగా ఆదివారం పూజ తప్పని పిల్లాడు.

"పోయి సన్యాసుల్లో కలువు బాబూ, నీకెందుకీ రాకెట్లు?" అంది బోగ్న.

"పోటీకి నువ్వు రావద్దు" అన్నాడు కొర్నెల్. క్లెమెన్స్ తన సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆ పతకం పెట్టింది నేనక్కా. పెట్టె క్షేమంగా దిగాలని, బోగ్న అటు తిరిగినప్పుడు అందులోని స్పాంజి కింద దాచాను. రాకెట్ లేచే విసురుకు అది జారుతుందని నాకేం తెలుసు? ఆ పిల్లాడు తల వంచుకుని వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

నిన్న పూజ అయ్యాక, క్లెమెన్స్‌ను వెంటబెట్టుకుని వాళ్ళు రాకెట్ కట్టే షెడ్డుకు వెళ్ళి, పతకం పెట్టింది నేనేనని అందరికీ చెప్పేశాను.

బోగ్న మొహం పాలిపోయింది. "బల్ల దగ్గర నువ్వే ఉన్నావు కదమ్మా! నీ నెత్తిన పడుంటే?"

అప్పుడు క్లెమెన్స్ మెల్లగా, "మూసేటప్పుడు నేను చూశాను పిన్నీ. తీద్దామని వేలు కూడా పెట్టాను. అమ్మవారిని బయటికి లాగడానికి చెయ్యి రాలేదు" అన్నాడు.

"ఇద్దరూ ఇద్దరే!" అని కొర్నెల్ తల పట్టుకున్నాడు.

బోగ్న మాడిన పెట్టెను చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "పతకం కాకపోతే రేపు ఒక మరమేకు ఊడి పడేది. అప్పుడూ ఇంతే. బ్యాటరీ కొసలకు మూత లేకుండా గీసింది నేను. పారాచూట్‌కు విడిగా ఇంకో బ్యాటరీ పెట్టనిదీ నేనే. ఎవర్నైనా రావద్దనాలంటే ముందు నన్ను అను, కొర్నెల్."

కొర్నెల్ స్క్రూడ్రైవర్ తీసి క్లెమెన్స్ ముందుకు తోశాడు. "ఈసారి కనిపిస్తే లాగి అవతల పారేయాలి. దేవుడే కూర్చున్నా సరే."

నేను గబగబా సిలువ గుర్తు వేసుకున్నాను.

"లాగుతాను," అన్నాడు క్లెమెన్స్, "పారేయను. జేబులో పెట్టుకుంటా."

ఇట్లు,
నీ ప్రార్థనల్లో చోటు కోరే
చెల్లెలు బొజేనా