వేడి రాళ్ళలో చిలగడదుంప

సోమవారం రాత్రి, సప్పోరో (జపాన్)

మంచులో నడిచి కాళ్ళు కొయ్యబారాయి. స్టేషన్ బయట ఒక పెద్దాయన బండి మీద వేడి గులకరాళ్ళలో చిలగడదుంపలు కాలుస్తున్నాడు. ఒకటి కొని కొరికితే పాకం పోసినంత తియ్యగా ఉంది! రాళ్ళలో కాలిస్తే ఇంత తీపి ఎలా వస్తుందో?

మా ఆయన దుంప ముట్టుకోలేదు. మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్ నడిపే మనిషి కదా, ఆ పొగలోకి వంగి రాళ్ళనే చూస్తున్నారు.

"ఇదేం రాయంటావే? ఇంత కాలినా పగల్లేదు!"

"ముందు తినండి, చల్లారిపోద్ది."

అప్పుడు తట్టింది. పొగలో మొహం పెట్టినా ఆయన దగ్గలేదు. ఇక్కడికొచ్చాక ఒక్క రాత్రీ దగ్గలేదు. చలిగాలికే ఆయనకి రాత్రుళ్ళు దగ్గొస్తోందనుకుని మార్టూరులో కిటికీలన్నీ మూసేదాన్ని. ఇంత మంచులో లేని దగ్గు అక్కడెందుకు?

ఆదివారం ఇంటికెళ్తాం. సోమవారం పొద్దున్నే ఆయన మళ్ళీ ఆ యూనిట్ రాతి దుమ్ములోకి...