లింగాల డైరెక్టు బస్సు

ప్రియమైన కూతురు రజితకు, నీ తల్లి ఎస్తేరు ప్రభువు పేరిట దీవించి రాస్తున్నది. మోకాళ్లు తప్ప మిగతా నేనంతా క్షేమం. పుణెలో నువ్వూ, అల్లుడు జయపాలూ క్షేమమని తలుస్తాను. బిల్డింగు పనిలో పరంజా ఎక్కినప్పుడు కిందికి చూడొద్దని అల్లుడికి చెప్పు.

ఫోను ఎందుకు కలవడం లేదని అడిగావు. అది బకెట్లో పడి కాలం చేసింది. కొత్త గది ఎలా ఉందని రెండుసార్లు అడిగావు. చాలా పెద్దది. పైన ఎనిమిది ఫ్యాన్లు తిరుగుతాయి, కరెంటు బిల్లు మనది కాదు. ఇరుగుపొరుగుకు కొదవ లేదు, కాకపోతే పూటపూటకూ మారిపోతుంటారు. చిన్నప్పటి నుంచీ నీది పోలీసు బుర్ర, ఇప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది. కాస్త ఆగు, వరసగా చెబుతాను.

పాత ఓనరు నర్సింహులు మంచివాడే. ఆరేళ్లు ఆయన గదిలో ఉన్నాను, ఒక్క మాట అనలేదు. వానాకాలంలో నాకు దగ్గు పట్టుకుంది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి నేనున్నానో పోయానో చూసి వెళ్లేవాడు. ఒకరోజు గుమ్మంలో నిలబడి ఖాళీ చేయమన్నాడు. ఇంట్లో ఎవరైనా చెడ్డ నక్షత్రంలో పోతే ఆరు నెలలు తాళం వేసి ఇల్లు పాడుపెట్టాలట. మేం క్రైస్తవులం, మాకు నక్షత్రాలు లేవు అన్నాను.

"నీకు లేకుంటే ఏంది ఎస్తేరమ్మా, నా ఇంటికి ఉంటది గద" అన్నాడు.

ఇక్కడ చావనని కాగితం రాసిస్తానన్నాను. ఆయన నిజంగానే ఆలోచించాడు. తర్వాత, నువ్వు మాట తప్పితే నేను ఎవరిని పట్టుకోవాలి అన్నాడు. నేను సంచి సర్దుకున్నాను.

ఆ తర్వాత ఏడు ఇళ్లు తిరిగాను. అందరూ ముందు కిరాయి చెప్పేవారు, తర్వాత నా నెరిసిన నెత్తి చూసి, గది ఇప్పుడే ఎవరో తీసుకున్నారనేవారు. ఒకామె మాత్రం ముసలోళ్లకు ఇయ్యమని మొహం మీదే చెప్పింది. నాకు ఆమె మీదే గౌరవం.

కాబట్టి బిడ్డా, నేను ఉంటున్నది గద్వాల బస్టాండులో. నాలుగు నెలలైంది. సిగ్గుతో నీకు అబద్ధాలు రాశాను.

బస్టాండులో ఉండాలంటే ఏదో ఒక ఊరికి పోతుండాలి. కాపలా ఉండే బాలన్న ఎక్కడికని అడిగితే లింగాల అన్నాను. వనపర్తి అంటే వెంటనే ఎక్కించేస్తాడు. లింగాలకు ఇక్కడి నుంచి నేరుగా బస్సు లేదని నాకు తెలుసు. మారి పొమ్మంటే మోకాళ్లు చూపించి డైరెక్టు బస్సే కావాలనేదాన్ని. నమ్మకం కుదరాలని రోజూ ఎంక్వైరీ కిటికీకి పోయి లింగాల బస్సు ఎప్పుడని అడిగేదాన్ని. వాళ్లు ప్రతిసారీ పుస్తకంలో రాసుకుంటున్నారని నాకేం తెలుసు?

ఇవాళ పొద్దున నిజంగానే బస్సు వేశారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా లింగాల. బోర్డు మీద రంగు కూడా ఆరలేదు. కొబ్బరికాయ కొట్టారు. డిపో సారు నా మెడలో దండ వేసి, అడగనిదే అమ్మైనా పెట్టదు, ఈ అవ్వను చూసి నేర్చుకోండని అందరికీ చెప్పాడు. బాలన్న నన్ను బస్సెక్కించి, నా సంచి తెచ్చి ఒళ్లో పెట్టాడు. వాడి సంతోషం చూస్తే దిగిపోవడానికి మనసు రాలేదు. పుట్టి బుద్ధెరిగి లింగాల మొహం చూడని దాన్ని, మొదటి సీట్లో కుడితిలో పడ్డ ఎలుకలా కూర్చున్నాను.

కండక్టరు పేరు సింధూజ, నీ వయసు పిల్ల. ఆడవాళ్లకు ఉచితం కదా, నాకు జీరో టికెట్ కొట్టింది. లింగాలలో అందరూ దిగారు, నేను దిగలేదు.

"అవ్వా, మీ ఇల్లు యాడుంది? జర చెప్పు, ఇంటి ముంగటనే ఆపిస్త" అంది.

ఈ నాలుగు నెలల్లో నన్ను ఎవరూ అంత మర్యాదగా అడగలేదు. అబద్ధం చెప్పబోతే నోరు రాలేదు.

"ఇల్లు లేదు బిడ్డా. ఈ బస్సు రాదనే రోజూ అడిగిన" అన్నాను.

ఆ పిల్ల మొదట నవ్వింది, తర్వాత నా పక్కన కూర్చుంది. తన డబ్బాలోని అన్నం సగం పెట్టింది. నీ గురించి చెబితే, ఈ కాగితాలిచ్చి, ముందు మీ బిడ్డకు రాయమంది. తిరుగు బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తప్పు డ్రైవరుది.

పోయిన ఏడు మీ రేకుల షెడ్డుకు రమ్మని పిలిస్తే, నా గది నాకుందని గొప్పలు పోయాను. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఒక మూల చాలు. భయంగా ఉంది బిడ్డా. రేపటి నుంచి బాలన్నకు ఏ ఊరి పేరు చెప్పాలో తెలియడం లేదు.

కొత్త గదికి పోస్టు రాదని నీకు రాసి, నీ ఉత్తరాలు ఇన్నాళ్లూ నర్సింహులు గేటు దగ్గరికి పోయి తెచ్చుకున్నాను. గదిలోకి కొత్తవాళ్లు వచ్చారు, ఇక ఆ అడ్రసు వాడొద్దన్నాడు. అందుకని దీనికి జవాబు రాయకు. రాస్తే ఏ ఇంటికని రాస్తావు? నువ్వే రా.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అమ్మ,
ఎస్తేరు