గేటు దగ్గర వదిలిన చొక్కాలు

ప్రియమైన కొలిమి దొరగారికి,

క్షేమంగా చేరాం. ఫోన్ చేస్తే మీ గొంతు వినగానే ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే అక్క కంగారుపడుతుంది. అందుకే రాస్తున్నాను.

అక్కవాళ్ళ కిటికీ అంచు మీద వేలు రాసి చూశాను. వేలికి ఏమీ అంటలేదు! మన వీధిలో పొద్దున తుడిచిన గట్టు మీద సాయంత్రానికి బూడిదరంగు పొడి పేరుకునేది. ఫ్యాక్టరీ చిమ్నీలోంచి వచ్చేది ఉత్త ఆవిరేనని మీ మేనేజరు అంటాడుగా, ఈసారి జలుబు చేసినప్పుడు ఆ ఆవిరే పట్టుకోమనండి.

మన పాప మిడతను ఇక్కడి డాక్టరమ్మ చూసింది. రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉందట. "ఆ గాలికి దూరంగా ఉంచితే మూడు నెలల్లో దిగడం మొదలవుతుంది. దిగకపోతే మాటా, చదువూ అన్నీ దెబ్బతింటాయి" అని మొహం మీదే చెప్పేసింది. గెంతుతుందని మీరే కదా మిడత అని పేరు పెట్టారు? ఇప్పుడు మూలన కూర్చుంటే లేవదు. నిరుడు వచ్చిన అక్షరాలు కూడా మర్చిపోయింది. పలక చేతికిస్తే నా మొహంలోకి చూసింది. గుండె తరుక్కుపోయిందండీ.

పడుకునేటప్పుడు నాన్న కావాలని ఒకటే రాగం. మూటలో మీ పని చొక్కా ఒకటి వచ్చేసింది, అది కప్పితే నిద్రపోయింది. వాసన పోయేలోగా ఇంకోటి పంపండి. ఉతక్కండి సుమా! ఉతికితే నాన్న వాసన పోతుందట.

బావగారు తన బట్టల దుకాణంలో మీకు పని ఇస్తానన్నారు. ఆ ఫ్యాక్టరీ వదిలేసి వచ్చేయండి.

ఇట్లు,
అలిగి వచ్చినా మీ గురించే మాట్లాడుతున్న మీ ఆవిడ

*

ప్రియమైన కోపిష్టికి,

చొక్కా పంపుతున్నాను. వారం రోజులు నీళ్ళు తగలనివ్వలేదు, కాబట్టి నాన్న దండిగా ఉంటాడు. ఇక నుంచి నెలకొకటి పంపుతాను.

ఇక్కడ అంతా మామూలే. గేటు దగ్గర కాపలాదారు గద్దకళ్ళు ఇంకా మా జేబులు తడుముతూనే ఉన్నాడు. రవ్వంత సీసం ఎక్కడ ఎత్తుకుపోతామోనని నిన్న నా అన్నం డబ్బా కూడా మూత తీయించాడు. ఖాళీ డబ్బాలో ఏం చూశాడో ఆయనకే తెలియాలి.

దుకాణం మాట అంటావా, పాత బ్యాటరీలు కరిగించి సీసం తీయడం తప్ప నాకేం వచ్చు చెప్పు? గుడ్డ కొలవమంటే మీటరుకు అరమీటరు ఎక్కువ చింపి ఇచ్చేసి మీ బావగారి కొంప ముంచుతాను. అయినా మిడత బాగుపడనీ. ఆ తర్వాత నువ్వు ఎక్కడుందామంటే అక్కడే.

వదినకు నమస్కారాలు.

ఇట్లు,
ఒక్కడే వండుకుని ఒక్కడే తిట్టుకుంటున్న నీ ఆయన

*

ఏమండీ,

తగ్గలేదు, పెరిగింది.

మూడు నెలలైనా తగ్గకపోగా పెరిగేసరికి డాక్టరమ్మకు ఏమీ పాలుపోలేదు. ఇక్కడి నీళ్ళు పరీక్ష చేయించింది, గోడల రంగు గీకించింది, బొమ్మలు పట్టుకెళ్ళింది. ఎందులోనూ ఏమీ లేదు. చివరికి నిన్న మధ్యాహ్నం తనే ఇంటికొచ్చింది. మిడత పడుకుని ఉంది. మీ చొక్కా కప్పుకుని, దాని కాలరు నోట్లో పెట్టుకుని.

"అదేంటమ్మా?" అంది.

"వాళ్ళ నాన్న చొక్కా అండీ. నెలకొకటి పంపిస్తారు."

"ఉతికేనా?"

ఉతకొద్దని నేనే రాశానని చెప్పాను. ఆవిడ చేతులకు తొడుగులు వేసుకుని చొక్కా సంచిలో పెట్టి తీసుకెళ్ళింది. ఇవాళ కబురొచ్చింది. అక్కడి గాలిలో ఏముందో అదంతా ఆ దారాల్లో ఉందట. కంటికి కనబడని సన్నటి పొడి, అందులో సీసం. బిడ్డను ఇంత దూరం తీసుకొచ్చి, ఆ విషాన్నే అడిగి మరీ తెప్పించి కప్పాను. "ఉతక్కండి" అని రాసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలని ఉంది.

ఇక చొక్కాలు పంపకండి. మీరు కూడా ఆ బట్టలతో ఎవరి పిల్లల్నీ ఎత్తుకోకండి. ఈ మాట మీవాళ్ళందరికీ చెప్పండి.

ఇట్లు,
మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

ముందు ఏడుపు ఆపు. అడిగింది నువ్వు, పంపింది నేను, పాపం ఇద్దరిదీ. కాదు, మనిద్దరిదీ కూడా కాదు. అది ఎవరిదో నిన్న గేటు దగ్గర తేల్చాం.

నీ ఉత్తరం భోజనాల గదిలో పైకి చదివాను. మా జట్టులో పొడుగాయనకు కవలలు. ఇల్లు చేరగానే ఇద్దరూ చెరో భుజం ఎక్కుతారు. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. క్రేన్ నడిపే పెద్దమ్మ తన పైకోటు చూసుకుని, "రోజూ ఇది వేసుకునేగా మనవడిని ఒళ్ళో పడుకోబెట్టుకుంటాను" అంది. ఆ తర్వాత ఎవరమూ తినలేకపోయాం.

షిఫ్టు దిగాక గేటు దగ్గరికెళ్ళాను. గద్దకళ్ళు ఎప్పటిలాగే అడిగాడు.

"ఏమైనా పట్టుకెళ్తున్నావా?"

"పట్టుకెళ్తున్నాను. సీసం."

ఆయన నోరు తెరుచుకుంది. నేను చొక్కా విప్పి ఆయన బల్ల మీద పెట్టాను. "కంపెనీ సొత్తు. ఇంటికి పట్టుకెళ్తే దొంగతనం అంటారు కదా? తీసుకుని రసీదు ఇవ్వండి" అన్నాను. వెనకాలే పొడుగాయన విప్పాడు. ఆ వెనక పెద్దమ్మ పైకోటు. ఆ వెనక షిఫ్టు షిఫ్టంతా! బనియన్లతో, బోసి వీపులతో వందల మందిమి. గద్దకళ్ళు కూర్చునే గది తలుపు తెరవడానికి లేకుండా చొక్కాలు గుట్ట పడ్డాయి.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటీ తమాషా?"

"తమాషా ఏముంది బాబూ, ఉత్త ఆవిరేగా! ఒకటి పట్టుకెళ్ళి మీ మనవరాలికి కప్పండి" అని పెద్దమ్మ గుట్టలోంచి తన కోటు తీసి ఆయన ముందు పట్టుకుంది. ఆయన రెండడుగులు వెనక్కేశాడు. అందరం చూశాం. ఆ కోటు ముట్టుకోలేకపోయాడు. అంతమంది ఎదుట ఇక ఆవిరి అనే మాట ఆయన నోట ఎలా వస్తుంది? రేపటి నుంచి కొలిమి వెలిగించేది లేదని అక్కడే చెప్పేశాం.

నిన్నూ మిడతనూ చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ నా చేతులు చూసుకుంటే భయమేస్తోంది. దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు లేదు. రాను.

ఇట్లు,
బనియనుతో ఊరంతా తిరిగొచ్చిన నీ మొగుడు

*

ప్రియమైన మొండిదానికి,

మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే వదిన "బాగానే ఉన్నార"ని పెట్టేస్తుంది. మిడత రక్తం సంగతి ఏమైంది? మంచో చెడో చెప్పెయ్యి, ఇలా చంపకు.

ఇక్కడ మనం గెలిచాం. కొలిమి ఆరిందని తెలిసి ప్రభుత్వ అధికారులు వచ్చి మా చొక్కాలూ మన వీధి కిటికీల పొడీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. రెండింట్లోనూ అదే సీసం. పనంతా ఆగింది, జీతాలు ఆగలేదు. పొగను వడకట్టడానికి చిమ్నీకి పెద్ద పెద్ద గుడ్డ సంచులు బిగించారు. పొడి ఎగరకుండా షెడ్డు నాలుగువైపులా మూశారు. మాకు స్నానాల గదులు కట్టారు. పని బట్టలు అక్కడే విప్పాలి, వాళ్ళే ఉతకాలి. బడి డాబా మీద గాలిని కొలిచే యంత్రం పెట్టారు. ఎర్రదీపం వెలిగితే కొలిమి ఆపాల్సిందే. మొదటి వారం రెండుసార్లు ఆపించాం, మేనేజరు పళ్ళు నూరుకున్నాడు. ఆ తర్వాత పచ్చదీపమే వెలుగుతోంది. మన వీధిలో తెల్లదుప్పట్లు బయట ఆరేస్తున్నారంటే నమ్ముతావా?

అయినా రమ్మని అడగను. అడిగే నోరు నాకు లేదు. నువ్వు చెప్పు, నేనే వచ్చి గుడ్డలు కొలుస్తాను.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలోనే కాపురం పెట్టినవాడు

*

ప్రియమైన గుమ్మం కాపురస్తుడికి,

తగ్గింది!

తగ్గిందండీ, బాగా తగ్గింది. మొదటి పరీక్షలోనే తగ్గింది కానీ నేను నమ్మలేదు. ఒకసారి ఆశపడి బోర్లాపడ్డవాళ్ళం, రెండోసారి కూడా తేలేదాకా మీకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అక్క చేత కూడా పెట్టించాను. తిట్టుకోండి, పడతాను. నిన్న డాక్టరమ్మ కాగితం చదువుతుంటే మళ్ళీ చదవమన్నాను. మూడోసారి ఆవిడే నవ్వేసి, "ఇంక భయం లేదమ్మా, కనిపెట్టుకుని ఉంటే చాలు" అంది. ఆసుపత్రి అని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చేశాను.

మిడత అక్షరాలన్నీ మళ్ళీ దిద్దుతోంది. మంచం మీంచి దూకి అక్క పూలకుండీ పగలగొట్టింది కూడా. అక్క తిట్టబోతుంటే నేను వెళ్ళి దాన్ని ముద్దుపెట్టుకున్నాను, ఇప్పుడు అక్కకు ఇద్దరి మీదా కోపం.

బావగారి గుడ్డలు మీ చేతిలో పడే గండం తప్పింది. మీరు రావద్దు. మేమే వస్తున్నాం. ఆ గాలిని బాగుచేసింది మనవాళ్ళు, దాన్ని పీల్చే హక్కు నా కూతురికి లేదా ఏం? డాక్టరమ్మ కూడా మాతోపాటే వస్తోంది, మన వీధి పిల్లలందరికీ పరీక్షలు చేస్తుందట. పొడుగాయన కవలలతో మొదలుపెట్టమని నేనే చెప్పాను.

శనివారం పొద్దుటి బండికి దిగుతాం. చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడ్డారో, మర్యాదగా ఉండదు. పెట్టెలు నేను దించుకుంటాను. మీరు ముందు దాన్ని ఎత్తుకోండి.

ఇట్లు,
మీ దగ్గరికి బయల్దేరిన మీ ఆవిడ