ఎండ కాస్తే వినపడదు

ఏప్రిల్ 4

వంటింటి త్రాసు కనబడలేదు. వెతికితే ఆయన టేబుల్ మీద దొరికింది. కొనేముందు చూద్దామని తెచ్చిన సోలార్ కంట్రోలర్లు తూస్తున్నారు. గ్లైడర్‌కి ఇంజన్ ఉండదు, గాలి మీదే తేలాలి, అందుకని ప్రతి గ్రామూ లెక్కేనట. ఈయన పొట్ట మాత్రం ఆ లెక్కలోకి రాదు.

కంట్రోలర్ అంటే అరచేతిలో పట్టేంత డబ్బా. ప్యానెల్ నుంచి వచ్చే కరెంటుని బ్యాటరీకి ఎంత కావాలో అంతే పంపిస్తుంది. ఒకటి గ్లైడర్‌లో రేడియో నడిపే బ్యాటరీకి, ఒకటి మా చక్రాల ఇల్లు మోటార్‌హోమ్‌కి కావాలి. గ్లైడర్ ఆయనది. మోటార్‌హోమ్ నడిపేది నేను. ఆయన ఏ పొలంలో దిగితే అక్కడికి వెళ్ళి, రెక్కలు విప్పించి, ట్రైలర్‌లో వేసుకుని తెచ్చుకోవడం నా పని.

ఏప్రిల్ 9

రెండు రకాలున్నాయట. పాత రకం కొంత ఎండని వృథా చేస్తుంది. కొత్త రకం, ఎంపీపీటీ, ఆఖరి బొట్టు దాకా పిండుతుంది. కొత్తవాటిలో కొన్ని రేడియోలో గోల పెడతాయి, ముందు పెట్టి చూడండి సార్ అన్నాడట గ్లైడర్ క్లబ్ మెకానిక్. ఈయన వింటేగా. రెండూ కొత్తవే కొన్నారు.

మోటార్‌హోమ్‌లో ఫ్రిజ్ చల్లగా ఉంది. నేనేం అనను.

ఏప్రిల్ 17

ఐదు గంటలు ఎగిరినా బ్యాటరీ నిండుగానే ఉందట. ఆ ముఖం చూడాలి, పరీక్ష పాసైన పిల్లాడిలా.

ఏప్రిల్ 23, సాయంత్రం

మధ్యాహ్నం పడమర నల్లబడింది. ఆయనున్న వైపు మంచి ఎండ. చేతి రేడియో పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాను. ఉరుములొస్తున్నాయి, దిగిపోండి అన్నాను. ఆయన హుషారుగా ఎంత ఎత్తులో ఉన్నారో చెప్పారు. మళ్ళీ పిలిచాను. ఎండ భలే ఉందన్నారు. ఆయన మాట నాకు చక్కగా వినిపిస్తోంది. నా మాట ఆయనకి చేరడం లేదు. ఇంట్లోనూ అంతే కదా అని నవ్వుకోవాల్సిన విషయమే. నవ్వు రాలేదు. గొంతు పోయేలా అరిచాను.

చివరికి మబ్బు కళ్ళబడి ఆయనే దిగారు. చక్రం నేలని తాకడం, వాన మొదలవడం ఒకేసారి.

ఏప్రిల్ 24

మెకానిక్ గ్లైడర్‌ని ఎండలో పెట్టి రేడియో ఆన్ చేశాడు. ఒకటే బుస. కంట్రోలర్ వైరు పీకాడు. నిశ్శబ్దం. పెడితే మళ్ళీ బుస. పైనుంచి మాట్లాడితే కిందికి వినబడుతుంది గానీ కింది మాట ఈ గోలలో కొట్టుకుపోతుందన్నాడు. ఇంత గోల ఎలా భరించారు సార్ అని అడిగాడు.

ఈయన నావైపు చూడకుండా చెప్పారు. మొదటి రోజే వాల్యూమ్ తగ్గించేశానని.

డబ్బా మీద నాకు కోపం లేదు.

ఏప్రిల్ 25

ఆయన ప్లేటు టేబుల్ మీద పెట్టేసి, నేను మోటార్‌హోమ్‌లో తిన్నాను.

ఏప్రిల్ 28

పాత రకం తెచ్చి ఆయనే బిగించారు. నేను పక్కనే నిలబడి చూశాను. దీంతో బ్యాటరీ మూడు గంటలు దాటదు. ఈ వేసవిలో ఐదొందల కిలోమీటర్లు చుట్టి రావాలని ఆయనకి ఎన్నేళ్ళ కోరికో. అంత దూరానికి ఆరేడు గంటలు కావాలి, అది ఇక కుదరదు. కుదరకపోతే పోనీలే అన్నారు స్క్రూ తిప్పుతూ. బాధగా ఉందా అని అడిగాను. ఉంది అన్నారు. లేదని అబద్ధమాడనందుకు సగం కోపం పోయింది. మిగతా సగం దాచుకున్నాను, అవసరానికి పనికొస్తుంది.

మే 2, మధ్యాహ్నం

నిప్పులు చెరిగే ఎండ. ఆయన పైన ఉన్నారు. రేడియో సరిచూసుకోవాలి, ఏదైనా మాట్లాడు అన్నారు. మీరు పైకి వెళ్ళినప్పుడల్లా నాకు భయం అన్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. క్లబ్ మొత్తం విని ఉంటుంది.

బాగా వినిపించిందన్నారు.

మళ్ళీ చెప్పమన్నారు.