పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే

మంగళవారం, అరోరా ఆసుపత్రి

మళ్ళీ శ్రావ్యే! నాకంటే ఏడాది జూనియర్ డాక్టర్. ఆయాసంతో వచ్చిన పెద్దాయన ఎక్స్‌రే చూడగానే, "పైన రక్తనాళాలు ఉబ్బాయి, ఊపిరితిత్తుల సిరల్లో ప్రెషర్ పెరిగినట్టుంది" అంది.

ఒళ్ళు మండింది నాకు. "పడుకోబెట్టి తీసిన ఫిల్మ్ అది. పడుకుంటే ఎవరికైనా ఉబ్బుతాయి" అన్నాను, అందరి ముందూ.

"కరెక్టే అక్కా. కానీ కింద అంచున చూడు, సన్నటి అడ్డగీతలున్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే వచ్చేవి అవి, పడుకున్నంత మాత్రాన రావు కదా."

పైగా 'అక్కా' ఒకటి. సీనియర్ డాక్టర్ మెచ్చుకోలుగా తలూపారు.

నీరు తీసే మందిస్తే సాయంత్రానికి పెద్దాయన ఆయాసం తగ్గిందట. సంతోషించాలి కదా...

ఆ గీతలు నాకెందుకు కనిపించలేదో తెలుసు. అప్పుడు నేను ఫిల్మ్ చూడటం లేదు. ఎక్కడ తప్పు చెబుతుందా అని శ్రావ్య ముఖమే చూస్తున్నాను.